సమూహ ధర్మము



కొత్త ఊరికి వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి మనలను రెండు ప్రశ్నలు అడుగుతాడు. మొదటిది, "నీ పేరేమి?" రెండవది, "ఎవరి వారు?" మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో తీరిపోతుంది. రెండవదానికి జవాబు చెప్పడము మొదలు పెడితే ఇంటిపేరు వస్తుంది, ఊరు వస్తుంది, కులము వస్తుంది, చేసే పని వస్తుంది, చివరికి మన భజన మండలి పేరు కూడా వస్తుంది. మనిషి ఒక్కడే పుట్టినా, ఒక్కడుగా ఎన్నడూ బ్రతకలేదు. ఆ రెండవ ప్రశ్నను గురించే ఈ పూట నాలుగు మాటలు చెప్పుకొందాము.

పుస్తకము విప్పడానికి ముందు ఒకసారి మన గంగారం దారి పడదాము. మానుకోట జిల్లాలోని ఈ మండలము 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు కొత్తగూడ మండలములోని భాగమే. ఈ మండలములోనే పూనుగొండ్ల అనే కోయ గ్రామము ఉన్నది. అక్కడ పగిడిద్దరాజు కొలువై ఉన్నాడు. మేడారము జాతరకు వెళ్ళిన వారందరికీ సమ్మక్క, సారలమ్మలు తెలుసు. సమ్మక్క భర్త అయిన పగిడిద్దరాజు ఎక్కడి నుండి వస్తాడని అడిగితే చాలామంది తెల్లముఖము వేస్తారు. ఆయన మన పక్క నుండే బయలుదేరుతాడు. రెండేళ్ళకొకసారి మాఘమాసములో, జాతరకు ముందుగా, పెనక వంశీయులు ఆయనను పెళ్ళికొడుకుగా సిద్ధము చేసి, డప్పు, డోలు వాద్యములతో, అడవి దారిలో కాలినడకన మేడారమునకు తీసుకువెళతారు. బస్సులు, కార్లు వచ్చిన ఈ కాలములో కూడా అరవై కిలోమీటర్లకు పైబడిన ఆ దూరమును నడిచే వెళతారు. దారి పొడవునా ఊళ్ళలోని ఆడపడుచులు ఎదురు వచ్చి నీళ్ళు ఆరబోసి మొక్కులు చెల్లిస్తారు.

పగిడిద్దరాజును పెనక వంశీయులు తెస్తారు. కన్నెపల్లి నుండి సారలమ్మను తెచ్చే బాధ్యత కాక వంశీయులది. ఏటూరునాగారం మండలములోని కొండాయి నుండి గోవిందరాజును దబ్బగట్ల వంశీయులు తెస్తారు. ఈ ముగ్గురూ బుధవారమునాడు గద్దెలకు చేరుతారు. సమ్మక్క మరునాడు, గురువారమునాడు, చిలకలగుట్ట దిగి వస్తుంది. ఆమెను కుంకుమభరిణె రూపములో తెచ్చే భాగ్యము సిద్దబోయిన, కొక్కెర, చందా మొదలైన వంశముల వడ్డెలది. వడ్డె అంటే కోయలలో పూజారి. శుక్రవారము అందరూ గద్దెల మీద ఉంటారు. శనివారము వనప్రవేశము. విగ్రహము లేదు, గోపురము లేదు. 1996లో ప్రభుత్వము దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించినది. 2024 ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరిగిన జాతరకు కోటికి పైగా జనము వచ్చినారని ప్రభుత్వము వారి అంచనా.

ఈ ఏర్పాటును ఒకసారి నిదానముగా చూడండి. నాలుగు చోట్ల నలుగురు వేల్పులు. ఒక్కొక్కరికి ఒక్కొక్క సమూహము. ఏ ఒక్క సమూహము కూడా జాతరను తానొక్కటే నడపలేదు. కొండాయి వారు రానిదే గద్దెలు నిండవు. పూనుగొండ్ల వారు రానిదే పెళ్ళికొడుకు రాడు. చిలకలగుట్ట వైపు వెళ్ళవలసిన వారు మిగిలిన ముగ్గురూ గద్దెలకు చేరేదాకా ఆగుతారు. కోటిమంది ఎదురు చూస్తున్నా, ఎవరి పని వారే, ఎవరి వేళకు వారే. సమ్మక్క వచ్చే వేళ జిల్లా పోలీసు అధికారి తుపాకీ గాలిలోకి పేల్చి స్వాగతము పలుకుతారు. అంటే ప్రభుత్వమునకు కూడా ఆ వరుసలో ఒక చోటు, ఒక పని ఉన్నవన్నమాట!

"వంశములను బట్టి పని పంచితే అది పుట్టుకను పట్టుకొని వ్రేలాడడము కాదా?" అని మాలో కొందరు యువకులు అడిగినారు. మంచి ప్రశ్నే. దానికి సమాధానము కోయవారి గట్టు వ్యవస్థలోనే ఉన్నది.

కోయలలో మూడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు, ఇట్లా గట్టులు ఉన్నాయి. ఒక గట్టు వారందరూ అన్నదమ్ములు. వారికి ఒక ఇలవేల్పు, ఒక కథ. ఒకే గట్టులో పెళ్ళి కుదరదు. పిల్లను తెచ్చుకోవాలన్నా, ఇవ్వాలన్నా వేరే గట్టు వారి గడప తొక్కవలసిందే. ఈ నియమములోని లోతు మాకు చాలా ఆలస్యముగా అర్థమైనది. ఆ సమూహము తన నియమము చేతనే తాను ఒంటరిగా బ్రతకలేని విధముగా కట్టబడినది. ఎంత బలము, ఎంత మంది ఉన్నా, పక్క గట్టు లేనిదే ఒక్క పందిరి కూడా వేయలేరు. మన గోత్ర నియమము కూడా ఇదే కదా! సగోత్రములో వివాహము కూడదని పెద్దలు అన్నది, మన ఇంటి దీపము వెలగాలంటే మరొక ఇంటి నూనె కావాలని తెలియడానికే అని మేము అనుకొంటున్నాము.

గట్టుల వెంట డోలి వారు ఉన్నారు. గట్టు వేల్పు కథను పడిగె అనే గుడ్డ మీద బొమ్మలుగా వ్రాయించి ఉంచుతారు. డోలి వారు ఆ పడిగె ముందు నిలిచి, డోలు వాయిస్తూ ఆ వంశము కథను పాడుతారు. కథ ఒకరిది, గొంతు మరొకరిది. కోయదొర ఇంట తన తాతముత్తాతల చరిత్ర తెలుసుకోవాలంటే డోలి వానిని పిలువక తప్పదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించినారు. కోయభాషలోను, తెలుగులోను సమ్మక్క, సారలమ్మల కథను ఆయన పాడేవారు. అక్షరము లేని చోట ఒక జాతి జ్ఞాపకమును నిలిపినది రాజు కాదు, రాజ్యము కాదు. ఇంటింటికీ తిరిగి పాడిన ఒక చిన్న సమూహము.

ఆ జ్ఞాపకము ఎటువంటిదో కూడా తలచుకోవాలి. కరువు కాలములో కప్పము కట్టలేదని కాకతీయ సైన్యము మేడారముపైకి వచ్చినదని, సంపెంగ వాగు దగ్గర పోరు జరిగినదని, జంపన్న పడిపోయిన ఆ వాగే జంపన్నవాగు అయినదని కథ. మనమేమో రామప్పగుడికి వెళ్ళి కాకతీయుల కాలమును కీర్తిస్తాము. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన గుడి అది. దానికి 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చినది. మేడారమూ, రామప్పా ఇప్పుడు ఒక్క ములుగు జిల్లాలోనే ఉన్నాయి. ఒకే భక్తుడు ఉదయము రామప్పకు, మధ్యాహ్నము మేడారమునకు వెళ్ళి, గెలిచిన వారి గుడిలోనూ, ఓడిన వారి గద్దె దగ్గరా కొబ్బరికాయ కొడుతున్నాడు. ఇది మన ప్రజల పెద్ద మనసు అనాలో, మతిమరుపు అనాలో మేము నిర్ణయించలేము. డోలి పాట లేకపోయి ఉంటే మాత్రము మనకు ఒక్క రామప్పే మిగిలేది.

ఇప్పుడు శాస్త్రము దగ్గరికి వద్దాము. సమూహములను గురించి మన పూర్వులు ఊరికే ఉండలేదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయములో, తగవులు తీర్చే అధికారము గల సమూహములుగా పూగము, శ్రేణి, కులము అనే మూడింటిని చెప్పినది. కళ్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076 - 1126) కాలమువాడైన విజ్ఞానేశ్వరుడు దానికి మితాక్షర అనే వ్యాఖ్య వ్రాసినాడు. మన హనుమకొండ కాకతీయులు ఆనాడు ఆ చక్రవర్తికే సామంతులు. తరువాత పదమూడవ శతాబ్దములో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయము వ్రాసినాడు. కనుక ఈ విచారము మన గడ్డకు పరాయిది కాదు.

మితాక్షర ఏమని వివరించినదో వినండి. కులము అంటే చుట్టరికముతో ఏర్పడిన సమూహము. శ్రేణి అంటే ఒకే వృత్తితో బ్రతికేవారి సమూహము. వారు వేరువేరు జాతుల వారైనా కావచ్చును. ఉదాహరణకు గుర్రములు అమ్మేవారిని, తమలపాకుల వారిని, నేతవారిని, తోలుపని వారిని పేర్కొన్నాడు. తోలుపని వారి సమూహమునకు కూడా న్యాయము చెప్పే అర్హత ఉన్నదని ఆ వ్యాఖ్యాత వ్రాసిన సంగతి, ఎందుచేతనో, మన ఉపన్యాసములలో వినబడదు. ఇక పూగము అంటే, వేరువేరు జాతుల వారు, వేరువేరు పనుల వారు, ఒకే చోట నివసించే సమూహము. మన మాటలో చెప్పాలంటే ఊరు.

ఈ మూడింటిలో దేని మాట పైది? చుట్టరికమే పైది అని మనము అనుకొంటాము. స్మృతి అట్లా అనలేదు. కులము చెప్పిన తీర్పుపై శ్రేణికి పోవచ్చును. శ్రేణి చెప్పినదానిపై పూగమునకు పోవచ్చును. పూగము మీద రాజు నియమించిన సభ ఉన్నది. అంటే మన వారందరూ ఉన్న సమూహము మాట అన్నిటికన్నా క్రిందిది. మన వారు కానివారు కూడా కూర్చున్న సమూహము మాట దానికి పైది. బంధువు న్యాయము చెప్పేటప్పుడు రక్తము అడ్డు వస్తుంది. తోటి పనివాడు చెప్పేటప్పుడు బేరము అడ్డు రావచ్చును. పక్కింటివాడు, రేపు ఉదయము మళ్ళీ అదే బావి దగ్గర మన ముఖము చూడవలసినవాడు, కొంచెము నిదానించి మాట్లాడతాడు.

పాశ్చాత్య దేశములలో ఈ విచారము ఆధునిక కాలములో పుంజుకొన్నది. అమెరికా పండితుడు చార్లెస్ కూలీ 1909లో వ్రాసిన గ్రంథములో కుటుంబము, పిల్లల ఆటగుంపు, ఇరుగుపొరుగు అనే మూడింటిని ప్రాథమిక సమూహములు అన్నాడు. మనిషి మనిషిగా తయారయ్యేది వాటిలోనే అని ఆయన మాట. పిల్లల ఆటగుంపును కూడా లెక్కలోకి తీసుకొన్నందుకు ఆయనకు నమస్కరించాలి. మన స్మృతికారులు దానిని తలచలేదు.

పుట్టుకతో వచ్చే సమూహములే కాదు, వయసుతో వచ్చేవి, పూనికతో వచ్చేవి కూడా ఉన్నాయి. మానుకోట చుట్టుపక్కల తండాలలో వానకాలములో తీజ్ పండుగ జరుగుతుంది. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టలలో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పెంచుతారు. ఆ తొమ్మిది రోజులూ తండా నాయకుడు కూడా ఆ పిల్లల మాట వినవలసినవాడే. పెళ్ళి అయిన పిల్ల ఆ గుంపులో నుండి తప్పుకొంటుంది, చిన్నది వచ్చి చేరుతుంది. మనుషులు మారతారు, గుంపు నిలుస్తుంది. 1990లలో తెలుగు పల్లెలలో పొదుపు సంఘములు పెరిగినాయి. వాటిలో వదినా మరదళ్ళు ఉండవచ్చును, అసలు చుట్టరికమే లేనివారూ ఉండవచ్చును. వారిని కలిపి ఉంచేది వారము వారము కట్టే కొద్ది డబ్బు, ఒకరి అప్పుకు మరొకరు పూచీగా నిలబడే ధైర్యము. ఇది శ్రేణి లక్షణమే. ఇక గ్రామసభ ఉన్నది. 1996లో, మేడారము రాష్ట్ర పండుగ అయిన ఆ సంవత్సరములోనే, పార్లమెంటు చేసిన పెసా చట్టము గంగారం వంటి ఏజెన్సీ ప్రాంతములలో గ్రామసభకు తన ఆచారములను, తన వనరులను కాపాడుకొనే అధికారము ఇచ్చినది. దానిని పూగమునకు కొత్త పేరు అనవచ్చును. ఆ అధికారము కాగితము మీద ఉన్నంతగా చెట్టు క్రింద ఉన్నదా అని అడిగితే, గ్రామసభకు వెళ్ళి వెనుక వరుసలో కూర్చొని చూడండని మాత్రము చెబుతాము.

చెడు కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ప్రసంగము పొగడ్త అవుతుంది. సమూహము చెడిపోయేది ఎక్కడ? "మాకు మీరు కావాలి" అనే చోట "మాకు మీరు అక్కరలేదు" అనే మాట వచ్చినప్పుడు. పని పంచుకోవడము వేరు, ఎక్కువ తక్కువలు పంచడము వేరు. పెనక వారు పగిడిద్దరాజును మోస్తారు, కనుక కాక వారికన్నా గొప్పవారని ఎవరూ అనరు. కానీ మన ఊళ్ళలో చెప్పు కుట్టినవానిని, డప్పు కొట్టినవానిని గుడి మెట్టు ఎక్కనివ్వలేదు. ఆయన కొట్టిన డప్పు లేనిదే మన బోనము కదలలేదు, అయినా ఆయనను దూరము నిలబెట్టినాము. ఆయన పని కావాలి, ఆయన వద్దు అన్నాము. ఇది సమూహ ధర్మము కాదు, దొంగతనము. రాజ్యాంగములోని 17వ అధికరణము 1950లో దీనిని రద్దు చేసినది. మన మనసులలో ఎన్నవ అధికరణము అమలులో ఉన్నదో ఎవరికి వారు చూసుకోవలసినది.

రెండవ చెడు, గుంపునకూ సమూహమునకూ భేదము మరచిపోవడము. మేము మేడారము వెళ్ళిన ఒక సంవత్సరము, సారలమ్మను తీసుకువచ్చే వేళకు ముందుకు తోసుకొని వెళ్ళినాము. సంతానము కోసము, రోగము నయము కోసము తడిబట్టలతో దారిలో వరము పట్టి సాష్టాంగపడి ఉన్నవారి మీదుగా వడ్డె నడిచి వస్తాడు. ఆ దారి వారిది. మేము ఆ దారి అంచు తొక్కినాము. ఒక కోయ పెద్దాయన మా భుజము మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా, రెండడుగులు వెనుకకు జరిపినాడు. ఆయన కోపగించి ఉంటే మేము ఎదురు మాట్లాడి ఉండేవారమేమో! కోటిమందిలో మేము ఒకరము, ఆ నేల మీద అతిథులము. పూజ వారిది, భాష వారిది, అడవి వారిది. మనము నిలువెత్తు బంగారము అని బెల్లము తూచి ఇస్తున్నాము గనుక ఇల్లు మనదై పోదు. మన పద్ధతి పూజ అక్కడ కూడా జరగాలని, గద్దెల మీద విగ్రహము ఉంటే బాగుంటుందని అనే భక్తులను చూస్తున్నాము. పెళ్ళివారింటికి వెళ్ళి వంట మార్చమనే అతిథిని మీరు ఏమంటారు?

ఇంతవరకు ఇతరుల సంగతి. మా సంగతి కూడా చెప్పి విరమిస్తాము.

మా ఊరి భజన మండలి కొన్నేళ్ళ క్రిందట రెండుగా చీలినది. కారణము చెప్పుకోవడానికి సిగ్గు. శ్రీరామనవమి ఊరేగింపులో పల్లకీ ముందు కొమ్ము ఎవరు పట్టాలన్న తగవు. మా వైపు కొన్ని ఇంటిపేర్లు, వారి వైపు కొన్ని. తగవు చుట్టరికముల వెంట పాకి, వియ్యంకులు మాట్లాడుకోవడము మానినారు. ఆ ఏడు రెండు మైకులు పెట్టినాము. ఒక వీధిలో సీతారాముల కళ్యాణము, మరొక వీధిలో కూడా అదే కళ్యాణము. రాముడు ఎవరి మాట వినాలో తెలియనంత మోత. మరుసటి ఏటికి మరొక పల్లకీ చేయించాలని మేమే చందాలు వ్రాసినాము. అందులో మా చేతి వ్రాతే ఎక్కువ ఉన్నది.

మా ఊళ్ళో పల్లకీ ముందు దివిటీ పట్టేది ఒక రజక కుటుంబము. ఆ ఇంటి ముసలమ్మ చందా పుస్తకము పట్టుకొని వెళ్ళిన మమ్ములను చూసి, "దివిటీ ఒక్కటే ఉన్నది అయ్యా. రెండు పల్లకీలయితే ఏ పల్లకీ ముంగట పట్టాలె?" అని అడిగినది. మా దగ్గర జవాబు లేదు. రెండో వైపు వారి దగ్గరా లేదు. చందా పుస్తకము మూసి ఇంటికి వచ్చినాము.

ఆ వారములోనే ఊరు కూర్చున్నది. మా చుట్టములు కాదు, వారి చుట్టములు కాదు; గొల్లవారు, కమ్మరి, చెరువు నీరటికాడు, బడి పంతులు, పొదుపు సంఘము ఆడవారు, ఆ ముసలమ్మ. స్మృతికారుడు పూగమన్నది దీనినేనని అప్పుడు మాకు తోచలేదు. వారు మమ్ములను కలిసిపొమ్మని అనలేదు. రెండు మండలులుగానే ఉండమన్నారు. పల్లకీ కొమ్ము ఒక ఏడు మీది, ఒక ఏడు వారిది అన్నారు. దానికన్నా గట్టి ముడి మరొకటి వేసినారు. మండలికి ఉన్న ఒక్క హార్మోనియము ఒక వైపు వారి ఇంట ఉండాలి, డోలకు రెండవ వైపు వారి ఇంట ఉండాలి, కొత్తవి ఎవరూ కొనకూడదు.

మొదటి శనివారము డోలకు చంకన పెట్టుకొని వారి గడప ముందు నిలబడినప్పుడు మాకు గొంతు పెగలలేదు. లోపలి నుండి హార్మోనియము శ్రుతి వినబడుతూనే ఉన్నది. "తాళము లేక ఆగినాము, రండి" అని ఆ ఇంటాయన పిలిచినాడు. ఈ ఏడు హార్మోనియము మా ఇంటికి మారినది. డోలకు వారి దగ్గర ఉన్నది. శనివారము ఏడు గంటలకు వారు వస్తారు, మీరూ రండి.